ఫ్రెడరిక్ బాంటింగ్: ఇన్సులిన్ కనిపెట్టిన డాక్టర్ కథ.. షుగర్ 'డౌన్' అయితే ఏం చేయాలో కూడా అప్పుడే తెలిసింది!

అమలాపురం, రాజోలు, కొత్తపేట.. కోనసీమలో ఏ మెడికల్ షాపుకి వెళ్లినా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసాలు కనిపిస్తాయి. పొద్దున ఇన్ని యూనిట్లు, రాత్రి ఇన్ని యూనిట్లు అని లెక్క చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇంతకీ ఈ 'యూనిట్' ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? షుగర్ పడిపోయి కొట్టుకున్న కుందేలు నుంచి! ఆ కథ తెలియాలంటే వందేళ్లు వెనక్కి, కెనడాకి వెళ్లాలి.

రైతు బిడ్డ.. యుద్ధంలో డాక్టర్

ఫ్రెడరిక్ బాంటింగ్ 1891 నవంబర్ 14న ఒంటారియోలోని అలిస్టన్ దగ్గర ఓ రైతు కుటుంబంలో పుట్టాడు. టొరంటో యూనివర్సిటీలో మెడిసిన్ చదివాడు. 1916లో డిగ్రీ రాగానే సైన్యంలో చేరాడు. 1918లో ఫ్రాన్స్‌లోని కాంబ్రై దగ్గర గాయపడ్డాడు. ఆ ధైర్యానికి మిలిటరీ క్రాస్ పతకం ఇచ్చారు.

తిరిగొచ్చి 1920లో ఒంటారియోలోనే ఉన్న లండన్ అనే ఊళ్లో ప్రాక్టీస్ పెట్టాడు. పేషెంట్లు పెద్దగా రాలేదు. ఖర్చుల కోసం పార్ట్ టైమ్‌గా పాఠాలు చెప్పుకున్నాడు. ఆ ఏడాది అక్టోబర్ 30 రాత్రి, పాఠం కోసం క్లోమగ్రంథి మీద ఓ వ్యాసం చదివి పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున 2 గంటలకి లేచి ఓ ఐడియా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అక్కడే మొదలైంది.

నలుగురు.. ఒక మందు

అప్పటికి షుగర్ వచ్చిన పిల్లలకి మందు లేదు. తిండి బాగా తగ్గించి కొన్నాళ్లు నెట్టుకురావడమే. టొరంటోలో ప్రొఫెసర్ మెక్‌లియోడ్ ల్యాబ్, కుక్కలు, చార్లెస్ బెస్ట్ అనే కుర్ర అసిస్టెంట్‌ని ఇచ్చాడు. 1921 మే నెలలో ప్రయోగాలు మొదలయ్యాయి. డిసెంబర్‌లో బయోకెమిస్ట్ జేమ్స్ కొలిప్ చేరాడు. మందుని శుద్ధి చేయడం ఆయన పని.

1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పటికి ఆ పిల్లాడి బరువు సుమారు 29 కిలోలే. మందు సరిగా పనిచేయలేదు. కొలిప్ శుద్ధి చేసిన మందుని జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఈసారి షుగర్ దిగింది. పిల్లాడు తేరుకున్నాడు.

మందులోనే ప్రమాదం

ఇక్కడే అసలు విషయం ఉంది. కొలిప్ మందు బలాన్ని కుందేళ్ల మీద పరీక్షించేవాడు. డోసు ఎక్కువైతే కుందేలు వణికి, ఫిట్స్ వచ్చి పడిపోయేది. గ్లూకోజ్ ఇస్తే లేచేది. అంటే షుగర్ పెరగడమే కాదు, మరీ పడిపోయినా ప్రాణాంతకమే. ఎందుకంటే మెదడుకి ప్రధాన ఇంధనం గ్లూకోజే. మందు బలాన్ని కొలవడానికి ఆ కుందేలు షుగర్ ఎంత పడిందన్నదే మొదటి కొలమానం అయ్యింది. యూనిట్ లెక్క అలా పుట్టింది.

బాంటింగ్ క్లాస్‌మేట్ జో గిల్‌క్రిస్ట్ కూడా డాక్టరే, షుగర్ పేషెంటే. కొత్త బ్యాచ్‌లను తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. చెమటలు, వణుకు, ఆకలి, కంగారు.. ఈ లక్షణాలను టొరంటో డాక్టర్లు 1922లోనే రికార్డు చేశారు. విరుగుడు కూడా అప్పుడే తేలింది. నారింజ రసం లేదా గ్లూకోజ్!

ఒక్క డాలర్‌కి పేటెంట్

ఇన్సులిన్ పేటెంట్‌ని బాంటింగ్, బెస్ట్, కొలిప్ తలా ఒక్క డాలర్‌కే టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. 1923లో బాంటింగ్, మెక్‌లియోడ్‌లకి నోబెల్ వచ్చింది. బెస్ట్‌కి రాలేదని బాంటింగ్‌కి కోపం వచ్చింది. తన డబ్బులో సగం అతనికి ఇచ్చాడు. మెక్‌లియోడ్ కూడా తన వాటాలో సగం కొలిప్‌కి ఇచ్చాడు. తర్వాత బాంటింగ్‌కి సర్ బిరుదు దక్కింది. ఖాళీ దొరికితే బొమ్మలు గీసుకునేవాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లాండ్ బయల్దేరిన ఆయన విమానం న్యూఫౌండ్‌ల్యాండ్‌లో కూలిపోయింది. 1941 ఫిబ్రవరి 21న 49 ఏళ్లకే కన్నుమూశాడు. కానీ 1922లో ఎముకల గూడులా ఆయన దగ్గరికొచ్చిన ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి ఇన్సులిన్‌తో 1981 వరకు బతికింది!

మన ఇంట్లో ఏం చేయాలి?

ఇన్సులిన్ వేసుకుని భోజనం మానేసినా, ఆలస్యం చేసినా షుగర్ పడిపోవచ్చు. కార్తీకమాసం ఉపవాసాలు, కొబ్బరి దింపు, వరి కోతల్లాంటి కష్టమైన పనులు, ఖాళీ కడుపుతో మందు తాగడం.. ఇవన్నీ కారణాలే. కిడ్నీ సమస్య ఉంటే రిస్క్ ఇంకా ఎక్కువ.

సిరంజి తేడా కూడా కొంప ముంచుతుంది. మన దగ్గర 40, 100 అని రెండు రకాల ఇన్సులిన్ దొరుకుతుంది. 100 రకం మందుని 40 సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లు అవుతుంది! సీసా మీద, సిరంజి మీద ఒకే నంబర్ ఉందో లేదో చూసుకోండి.

షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే 3 నుంచి 4 టీ స్పూన్ల పంచదార లేదా 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలాగి మళ్లీ టెస్ట్ చేయాలి. ఇంకా తక్కువుంటే మళ్లీ తాగాలి. సరైన తర్వాత ఏదైనా తినాలి. బొండం నీళ్లు చాలవా అంటే.. ఒక గ్లాసులో సాధారణంగా అంత షుగర్ ఉండదు. ఆత్రేయపురం పూతరేకు అయితే తీపే గానీ, నెయ్యి వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. కాబట్టి ముందు పంచదార నీళ్లే.

మనిషి తికమకగా మాట్లాడుతుంటే తాగేశాడని వదిలేయొద్దు. షుగర్ చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గోదావరికి వరదొస్తే లంక గ్రామాలకి అంబులెన్స్ రావడం కష్టం. అక్కడ ఇన్సులిన్ వాడేవాళ్ల ఇంట్లో గ్లూకోజ్ ప్యాకెట్, టెస్ట్ మెషిన్ ముందే ఉండాలి. షుగర్ తరచూ పడిపోతుంటే సొంతంగా ఇన్సులిన్ మానేయకుండా డాక్టర్‌తో మాట్లాడి డోసు మార్పించుకోవాలి.

బాంటింగ్ పుట్టినరోజు నవంబర్ 14నే ప్రపంచ మధుమేహ దినం. మనకి బాలల దినోత్సవం కూడా ఆ రోజే. ఇన్సులిన్ మొదట బతికించింది కూడా పిల్లలనే. మీ ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉంటే, వాళ్ల జేబులో ఇవాళే ఓ గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టండి.