పది గోల్స్ తర్వాత అజీజుద్దీన్

ఆదివారం పూజ ముగియగానే పటాన్‌చెరు, సంగారెడ్డి విచారణల్లో మన పిల్లలు క్రికెట్ బ్యాటు పట్టుకుని పరుగెడతారు. పక్కనున్న హైదరాబాద్ ఒకప్పుడు ఫుట్‌బాల్ నగరమని వారికి ఎప్పుడైనా చెప్పారా?

సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో డిఫెండర్. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

కాని 1952లో హెల్సింకీ ఒలింపిక్స్ వచ్చాయి. మనవారిలో చాలామంది బూట్లు లేకుండానే మైదానంలో దిగారు. యుగోస్లావియా 10 గోల్స్ కొట్టింది, మనది ఒక్కటి. డిఫెండర్‌కు ఇంతకంటే అవమానం ఏముంటుంది? ముందు వరుసవాడు ఎన్ని అవకాశాలు పోగొట్టుకున్నా ఒక్క గోల్‌తో పేరు తెచ్చుకుంటాడు. వెనుక వరుసవాడు ఆపినవి ఎవరికీ గుర్తుండవు, వదిలినవే గుర్తుంటాయి. బాయిలర్ దగ్గర నైట్ షిఫ్టు చేసే మీకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఆ ఓటమి తర్వాత మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. అజీజుద్దీన్ ఆట మానలేదు. 1956 మెల్‌బోర్న్ జట్టులోనూ ఆయన ఉన్నారు, శిక్షకుడు రహీం గారే. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. గోవా బిడ్డ నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో ఎదురైంది మళ్ళీ ఆ యుగోస్లావియాయే! మొదటి గోల్ మనది. చివరకు 4-1తో ఓడాము, తర్వాత బల్గేరియా చేతిలో 3-0తో. దక్కింది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు పైకి నేటికీ వెళ్ళలేదు.