గోడల మీద నిలిచిన నవాహో: గెరాల్డ్ నేలర్

ఒంగోలులోనో సింగరాయకొండలోనో శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపు చూసినవాళ్లకి ఈ పని తెలుసు. చట్రానికి బిగించిన బట్ట మీద రబ్బరు పలకతో రంగు లాగుతారు. ఒక్కో రంగుకీ ఒక్కో తెర. అమెరికాలో పాత నవాహో బొమ్మలు సేకరించేవాళ్లు వెతికేది ఇలా అచ్చయిన కాగితాలనే. వెలుగుకి వాలుగా పట్టుకుంటే రంగు పొర మందం కనబడుతుంది. ఆఫ్‌సెట్ కాపీ అయితే భూతద్దం కింద చుక్కలు తేలతాయి.

ఆ బొమ్మల తరం మనిషే గెరాల్డ్ నేలర్. 1917లో న్యూమెక్సికోలోని పైన్‌డేల్‌లో పుట్టారు. నవాహో పేరు టో యా. ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరం చేసి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన బోర్డింగ్ బడుల కాలమది. 1932లో శాంటా ఫే ఇండియన్ స్కూల్లో డొరొతీ డన్ అనే తెల్ల టీచరు చిత్రకళ తరగతి మొదలుపెట్టారు. నేలర్, హారిసన్ బెగే అక్కడే చేయి తిప్పుకున్నారు. అదే తరగతి ఒక మూస కూడా పోసింది: నీడలుండవు, చదునైన రంగు, సన్నటి గీత. ఆదివాసీ బొమ్మ ఎలా ఉండాలో తెల్లవాళ్లు తేల్చడమేంటని తర్వాతివాళ్లు నిలదీశారు. నిలదీయాల్సిందే.

ఆ చదును రంగు స్క్రీన్‌కి చక్కగా కుదిరింది. టీవా ఎంటర్‌ప్రైజెస్ సంస్థలో భాగస్వామిగా బెగే అచ్చువేయించిన జింకలు, గుర్రాలు అసలు చిత్రం కొనలేనివాళ్ల ఇళ్లకీ చేరాయి.

నేలర్ గోడలవైపు వెళ్లారు. మొదట వాషింగ్టన్‌లోని ఇంటీరియర్ శాఖ భవనంలో. ఆదివాసీల మీద పెత్తనం చేసే శాఖ అదే! తర్వాత 1942-43లో విండో రాక్‌లో, నవాహో కౌన్సిల్ కూర్చునే ఎనిమిది మూలల హాలులో. 1864లో సైన్యం వేలమంది నవాహోలను సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి నిర్బంధించింది. 1868 ఒప్పందం తర్వాతే తిరిగొచ్చారు. ఆ జనం చరిత్రను వాళ్ల ప్రతినిధుల కళ్లముందే, చుట్టూ గోడల మీద గీశారాయన. దీన్ని ఏ సేకర్తా కొని ఇంటికి పట్టుకుపోలేడు.

నేలర్ పికురిస్ పుయెబ్లో ఆమెను పెళ్లి చేసుకుని ఆ ఊళ్లోనే స్థిరపడ్డారు. 1952లో భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఒక స్త్రీకి అడ్డుపడబోయి ప్రాణం పోగొట్టుకున్నారు. నిండా నలభై లేవు.

ఆ హాలును 2004లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. కౌన్సిల్ ఇప్పటికీ ఆ బొమ్మల మధ్యనే సమావేశమవుతోంది.