కరువు దారిలో పండిత రమాబాయి

కరువు అంటే ఏమిటో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వాన పడదు. బావి ఎండుతుంది. ముందు పశువులను అమ్ముకుంటారు, తరవాత ఇంట్లో గిన్నెలు అమ్ముకుంటారు, చివరికి ఊరు విడుస్తారు. పండిత రమాబాయి ఈ దారి అంతా కాలినడకన నడిచిన మనిషి. ఆమె సంస్కృతంలో గొప్ప పండితురాలని, స్త్రీవిద్య కోసం పాటుపడిందని మీరు వినే ఉంటారు. ఇక్కడ ఆమె జీవితాన్ని మరొక వైపు నుంచి చూద్దాం. ఒక కరువులో పాత నమ్మకాలు పోగొట్టుకున్న పిల్ల, ఇరవై ఏళ్ల తరవాత మరొక కరువుకు క్రైస్తవ విశ్వాసంతో ఎలా ఎదురు వెళ్లిందో తెలుసుకుందాం.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల్లో, గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. తల్లి లక్ష్మీబాయి. ఆడవాళ్లకు సంస్కృతం నేర్పకూడదని పెద్దలు పట్టుబట్టిన రోజుల్లో ఆయన భార్యకు నేర్పాడు. తల్లి కూతురికి నేర్పింది. ఉన్న ఆస్తి హరించుకుపోయాక ఆ కుటుంబం ఊరూరా తిరిగి పురాణాలు చదివి, వినేవారు ఇచ్చినదానితో బతికింది. రమాబాయికి బడి లేదు, స్థిరమైన ఇల్లు లేదు. నోటికి వచ్చిన వేలాది శ్లోకాలే ఆమె చదువు.

1870ల దశకంలో దక్షిణ దేశాన్ని పెద్ద కరువు పట్టుకుంది. వినేవారికే తిండి లేనప్పుడు పురాణం చదివేవారికి ఎవరు పెడతారు? నగలు అమ్మారు, గిన్నెలు అమ్మారు. ఆఖరి గింజ కూడా అయిపోయాక, పదిమంది కళ్ల ఎదుట అడుక్కోలేక, చనిపోదామని అడవిలోకి వెళ్లారు. అక్కడ పదకొండు రోజులు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్లతో గడిపారు. పండితుడి కొడుకు కూలిపని చేయడం ఆ రోజుల్లో పెద్ద అవమానం. అయినా అన్న శ్రీనివాస్ కూలికి పోయి అందరినీ బతికిస్తానన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ముందు తండ్రి, కొద్దికాలానికి తల్లి, ఆ తరవాత అక్క కృష్ణాబాయి చనిపోయారు. తల్లి పాడె మోయడానికి ఇద్దరు మాత్రమే సాయం వచ్చారు. మూడోవాడు అన్న. నాలుగో మనిషి దొరకక ఆమె తానే మోసింది. ఎత్తు చాలక పాడెను భుజాన కాక తలమీద పెట్టుకుంది. శ్మశానం అక్కడికి మూడు మైళ్లు.

మిగిలిన ఇద్దరూ నడక సాగించారు. పంజాబు వైపు వెళ్లినప్పుడు చలికి కప్పుకోవడానికి ఏమీ లేక, జీలం నది ఒడ్డున గుంతలు తవ్వుకుని, మెడదాకా ఇసుక కప్పుకుని రాత్రులు గడిపారు. తల్లిదండ్రులు చెప్పిన వ్రతాలూ తీర్థయాత్రలూ అన్నీ చేశారు. ఎక్కడా జవాబు దొరకలేదు. ఆ చలిలోనే ఆమెలో పాత నమ్మకం సడలిపోయింది. దానికి బదులు మరొకటి వెంటనే రాలేదని గమనించండి. కొన్నేళ్లు ఆమె మనసు ఖాళీగానే ఉంది.

1878లో అన్నాచెల్లెళ్లు కలకత్తా చేరారు. ఆమె పాండిత్యం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయి పండిత, సరస్వతి అనే బిరుదులు ఇచ్చారు. ఆ గౌరవం మధ్యనే 1880లో అన్న చనిపోయాడు. అదే ఏడాది బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును ఆమె పెళ్లాడింది. కులాలు వేరు. మరుసటి ఏడాది మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా సోకి భర్త చనిపోయాడు. అప్పటికి ఆమె వయసు ఇరవైనాలుగు కూడా నిండలేదు. ఒడిలో పసిబిడ్డ.

బెంగాలు వైపు ఉన్నప్పుడే లూకా సువార్త పుస్తకం ఒకటి ఆమె చేతికి వచ్చింది. పూనాలోనూ, 1883లో ఇంగ్లండు వెళ్లాకా ఆ చదువు సాగించింది. వైద్యం నేర్చుకోవాలన్నది ఆమె కోరిక. చెవుడు అడ్డు వచ్చింది. అక్కడ వాంటేజి సన్యాసినులు పతిత స్త్రీలను ఆదరించడం చూసింది. తమవారు కాని వారిని కూడా అలా చేరదీయడం ఆమెను కదిలించింది. 1883 సెప్టెంబరు 29న కూతురితో కలిసి బాప్తిస్మం తీసుకుంది. అలాగని చెప్పినవన్నీ తల ఊపి ఒప్పుకోలేదు. తనకు అర్థం కాని సిద్ధాంతాల గురించి తనకు బోధించిన వారితోనే గట్టిగా వాదించింది. ఈ మొండితనమే తరవాత ఆమెను నిలబెట్టిందని నాకు అనిపిస్తుంది.

1889లో బొంబాయిలో బాలవితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. మరుసటి ఏడాది దాన్ని పూనాకు మార్చింది. అక్కడ మతం విషయంలో ఎవరినీ బలవంతపెట్టనని మాట ఇచ్చింది. అయితే తాను ప్రార్థించే గది తలుపు మూయలేదు. కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. దీనిపై పెద్ద గొడవ రేగింది. 1893లో రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సదన్‌తో సంబంధం వదులుకున్నారు. చాలామంది తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు. వారి భయాన్ని పూర్తిగా తప్పు పట్టలేం. ఆ తలుపు మూయమని ఆమెను అడగడం కూడా తేలిక కాదు. నిన్నటిదాకా పొగిడినవారు దూరమైన ఆ రోజులు కరువు కంటే తక్కువ బాధ పెట్టి ఉండవు.

1896లో మధ్యపరగణాల్లో కరువు వచ్చింది. వార్త తెలిసి రమాబాయి స్వయంగా అక్కడికి వెళ్లింది. కరువు శిబిరాల్లో ఎముకల గూడులా మిగిలిన ఆడపిల్లలను చూసింది. ఆకలితో ఉన్న ఒంటరి పిల్లను ఎలాంటి మనుషులు పట్టుకుపోతారో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. దాదాపు 300 మందిని వెంట తెచ్చింది. అంతలో పూనాలో ప్లేగు ప్రబలింది. కొత్తవారిని నగరంలో ఉంచడానికి వీలు లేకపోయింది. అంతకుముందు కేడ్‌గావ్‌లో తోట కోసం కొన్న భూమి ఉంది. అక్కడ గుడారాలు, పాకలు వేయించి వారిని చేర్చింది. అదే ముక్తి సదన్. ప్లేగు ఆసుపత్రుల్లో స్త్రీలను చూస్తున్న తీరు బాగాలేదని 1897లో ఆమె పత్రికకు ఘాటుగా లేఖ రాసింది. పాలకులు కూడా క్రైస్తవులే కదా అని మొగమాటపడలేదు.

అమెరికా నుంచి పదేళ్లపాటు వస్తామన్న విరాళాల గడువు 1898తో ముగిసింది. మరో రెండేళ్లకు గుజరాతులో కరువు. ఈసారి ముక్తిలో పెరిగిన స్త్రీలే పల్లెలకు వెళ్లి పిల్లలను తెచ్చారు. 1900 నాటికి అక్కడ దాదాపు 1,900 మంది ఉన్నారు. అంతమందికి గంజి, బట్ట, మందు కావాలి. వచ్చిన పిల్లల్లో కొందరు తిండి దొరికినా తేరుకోలేక చనిపోయారు. రమాబాయి తెల్లవారుజామునే లేచి ప్రార్థించేది. తరవాత బావుల తవ్వకం, ధాన్యం లెక్కలు, వంటశాల చూసుకునేది. ఈ రెండూ ఆమెకు వేరువేరు పనులు కావు. పిల్లలకు చదువుతోపాటు నేత, సేద్యం, పాడి, అచ్చుపని నేర్పారు. అంధులకు వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపిని మనోరమ నేర్పింది.

చివరి పద్దెనిమిదేళ్లు ఆమె మరొక పని పెట్టుకుంది. బైబిలును మూలభాషలైన హీబ్రూ, గ్రీకుల నుంచి మరాఠీలోకి అనువదించడం. అప్పుడున్న మరాఠీ బైబిలు పల్లె స్త్రీలకు అర్థం కాదని ఆమె భావించింది. వేలాది సంస్కృత శ్లోకాలు కంఠస్థం చేసిన మనిషి, కూలి స్త్రీకి తెలిసే మాట కోసం వెతుకుతూ కూర్చుంది.

తన తరవాత ముక్తి బాధ్యత కూతురు తీసుకుంటుందని ఆమె అనుకుంది. 1921 జూలై 24న మనోరమ కన్నుమూసింది. అన్నలేదు, భర్తలేడు, ఇప్పుడు బిడ్డ కూడా లేదు. ఆమె అనువాదం ఆపలేదు. మిగిలిన పుటలు దిద్దుతూనే ఉంది. 1922 ఏప్రిల్ 5న, ఆ పని ముగించిన కొద్దికాలానికే, రమాబాయి మరణించింది. 1924లో ఆ మరాఠీ బైబిలు వెలువడింది. ముక్తిలోని అచ్చుయంత్రం దగ్గర దానికి అక్షరాలు పేర్చినది అక్కడ పెరిగిన స్త్రీలే.