కుమురం భీము విద్యాభ్యాసము

గోదావరీనదికి దక్షిణపు గట్టున కరీంనగరము సీమయు, ఉత్తరపు గట్టున ఆదిలాబాదు సీమయు కలవు. ఆదిలాబాదు సీమలో కొండలును, టేకు చెట్ల యడవులును విస్తారముగ నున్నవి. ఈ యడవులలో గోండులు తరతరములుగ నేలను సాగుచేసికొని జీవించుచున్నారు. పూర్వము వారికి సొంత రాజులుండిరి. చాందా, అనగా నేటి చంద్రపూరు, వారి రాజధాని. కాలక్రమమున ఆ రాజ్యము పోయెను. తరువాత నిజాము పాలనలో వారి భూమియు చేజారసాగెను.

అట్లు చేజారుటకు గల కారణములలో నిరక్షరాస్యత యొకటి. గోండు రైతు పొదలు నరకి, నేలను చదునుచేసి, జొన్న పండించెడివాడు. కాని యా నేల తనదని తెలుపు పట్టాకాగితము వానియొద్ద నుండెడిది కాదు. కచేరీ పద్ధతులు తెలిసిన పైవారు వచ్చి యా నేలను తమ పేర వ్రాయించుకొనెడివారు. ప్రభుత్వము అడవులకు హద్దులు పెట్టి పోడు సాగును కట్టడి చేసినప్పుడు, ఆ యుత్తరువులను చదువగలవారు గూడెములలో మిక్కిలి యరుదు. ఏమి వ్రాసియున్నదో తెలియకయే అనేకులు కాగితములపై వ్రేలిముద్ర వేసిరి.

అట్టి గూడెములలో నొకటియగు సంకేపల్లిలో, ఆసిఫాబాదునకు చేరువను, 1901వ సంవత్సర ప్రాంతమున కుమురం భీము జన్మించెను. ఆ గూడెమున బడి లేదు. భీము బాల్యమున పలక పట్టలేదు. అడవిలోని చెట్టుచేమలు, పశువులు, వానగాలులు ఇవియే యతని పాఠములు. చిన్నతనముననే తండ్రి మరణింపగా, ఆ కుటుంబము సుర్దాపూరునకు వలస పోయి యచ్చట సేద్యము చేసికొనెను. పంట చేతికి వచ్చు వేళకు ఆ భూమి తనదని యొకడు వచ్చెను. ఆ తగవులో దెబ్బ తగిలి యతడు మరణించెను. భీము ఇల్లు విడిచి సరిహద్దు దాటి పారిపోవలసివచ్చెను. ఇరువది యేండ్ల యీడున, చేతిలో చిల్లిగవ్వ లేక, అక్షరము ముక్క రాక, అతడు పరాయి పట్టణములో నిలిచెను.

అటుపిమ్మటి కథను గోండు పెద్దలు ఇట్లు చెప్పుదురు. చంద్రపూరులో విఠోబా యను నతడు ముద్రణాలయము నడుపుచుండెను. భీము అతనియొద్ద పనికి కుదిరెను. చదువు నేర్వగోరువానికి ముద్రణాలయమును మించిన బడి యరుదు. ఆ కాలమున సీసపు అక్షరములను ఒక్కొక్కటిగ నేరి వరుసలో కూర్చెడివారు. అవి కుడియెడమలు తారుమారై యుండును. నిత్యము వానిని చూచువానికి ప్రతి యక్షరముయొక్క రూపము మనస్సున నాటుకొనును. భీము పగలు పనిచేయుచునే చదువను వ్రాయను నేర్చుకొనెను. గోండీ మాత్రమే యెరిగిన యతడు హిందీ, ఉర్దూ భాషలను, కొంత యాంగ్లమును అలవరచుకొనెనని చెప్పుదురు. ఈడు మీరినదని యతడు సిగ్గుపడలేదు. తెలియని మాటను అడుగుటకు జంకలేదు.

కొంతకాలమునకు ఆంగ్ల ప్రభుత్వము విఠోబాను నిర్బంధించుటచే ముద్రణాలయము మూతపడెను. భీము అస్సాము చేరి, తేయాకు తోటలలో నాలుగైదేండ్లు కూలిపని చేసెను. పలు ప్రాంతముల కూలీలు అచ్చట పనిచేయుచుండిరి. వారి మాటలవలన ఇతర సీమల సంగతులు అతనికి తెలిసెను. 1922 మొదలు 1924 వరకు గోదావరి, విశాఖ మన్యములలో అల్లూరి సీతారామరాజు సాగించిన పోరాటమును గూర్చియు అతడు వినెను. తనవారి కష్టము తన గూడెమునకు మాత్రమే పరిమితము కాదని యప్పుడు గ్రహించెను. చదివినదానికి విన్నది తోడై యతని లోకజ్ఞానము పెరిగెను.

భీము తిరిగివచ్చి కాకన్‌ఘాటులో లచ్చుపటేలు అను పెద్దయొద్ద చేరెను. లచ్చుపటేలునకు ఒక భూమి తగవుండెను. భీము ఆసిఫాబాదు కచేరీకి పోయి, కాగితములు చదివి, యా వ్యవహారమును చక్కబెట్టెనని ప్రతీతి. ఆనాటినుండి గూడెములవారు తమ యర్జీలకు అతనినే యాశ్రయించిరి. తనకై నేర్చుకొన్న యక్షరము తనవారికెల్ల నక్కరకు వచ్చెను.

తరువాత భీము జోడేఘాటు చుట్టునున్న పండ్రెండు గూడెముల ప్రజలను కూడగట్టెను. నీటిపై, అడవిపై, భూమిపై వారికి హక్కు కావలెనని కోరెను. మొదట నతడు అర్జీలతోనే ప్రయత్నించెను. న్యాయము దొరకక, ఇండ్లు తగులబడినప్పుడు, పోరాటమునకు దిగెను. 1940లో జోడేఘాటు కొండలపై నిజాము బలగముల తుపాకిగుండ్లకు అనుచరులతో గూడ నేలకొరిగెను.

ఈ పోరాటము పిమ్మట గోండుల స్థితిగతులను పరిశీలించుటకు ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను నియోగించెను. భూమికి పట్టాలును, పిల్లలకు చదువును అవసరమని యతడు తెలిపెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకు బడి యేర్పడెను. గోండీ భాషలో వాచకములు వెలువడెను. భీము పరాయి పట్టణమునకు పోయి వెదకి తెచ్చుకొన్న చదువు, ఈ విధముగ గూడెపు పిల్లలయొద్దకు నడచి వచ్చెను. 2016లో ఆసిఫాబాదు కేంద్రముగ నేర్పడిన జిల్లాకు అతని పేరు పెట్టిరి. ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు ప్రజలు జోడేఘాటున చేరి యతనిని స్మరించుచున్నారు.

విద్యార్థులారా! మీకు బడి కలదు, పుస్తకములు కలవు. ఐనను బడి గంటతో చదువు ముగిసెనని యెంచవలదు. మీ యింటి పట్టాకాగితమును ఒకపరి చదివి చూడుడు. పంచాయతీ గోడపై నంటించిన ప్రకటనను చదువుడు. తెలియని మాటను వ్రాసికొని, తెలిసినవారిని అడుగుడు. చదువురాని ముసలమ్మ యొకతె కాగితము చేతబట్టుకొని మీ వాకిటికి వచ్చినచో, దానిని చదివి వినిపింపుడు. భీము చదువు సార్థకమైనది అట్టి పనివలననే.