ఇండియా చూడని వేదపండితుడు

ఉపనిషత్తులకి ఇంగ్లీషు అనువాదం కోసం నెట్‌లో వెతికితే, ఫ్రీగా దొరికే పాత పీడీఎఫ్‌ల మీద తరచుగా కనిపించే పేరు మాక్స్ ముల్లర్. డౌన్‌లోడ్ చేయడానికి మనకి అరనిమిషం చాలు. ఆ పుస్తకాల వెనక ఆయన జీవితమంతా ఉంది.

1823 డిసెంబర్ 6న జర్మనీలోని డెస్సౌలో పుట్టారు. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ పేరున్న కవి. కొడుక్కి నాలుగేళ్లు నిండకముందే పోయారు. లైప్‌జిగ్‌లో చదివి, 1843లో, ఇంకా ఇరవై నిండకుండానే డాక్టరేట్ అందుకున్నారు. 1845లో పారిస్ వెళ్లి బర్నూఫ్ అనే పండితుడి దగ్గర చేరారు. సాయణ భాష్యంతో సహా ఋగ్వేదాన్ని అచ్చు వేయమని పురమాయించింది ఆ గురువే.

సాయణుడు 14వ శతాబ్దంలో విజయనగర రాజుల దగ్గర మంత్రి. ఆయన భాష్యంతో కూడిన మొత్తం ఋగ్వేదం అప్పటికి అచ్చులో లేదు. ఉన్నవి చేతిరాత ప్రతులే. ఒకదాంట్లో ఉన్న పాఠం ఇంకోదాంట్లో ఉండదు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ముల్లర్ చేతిలో డబ్బులేమో లేవు. ఇతరుల కోసం ప్రతులు నకలు చేస్తూ పారిస్‌లో రోజులు నెట్టుకొచ్చారు. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ దగ్గరున్న ప్రతుల కోసం 1846లో ఇంగ్లాండు చేరారు. మర్నాడు సంవత్సరం కంపెనీ ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. మొదటి సంపుటం 1849లో వచ్చింది, ఆరోది, చివరిది 1874లో. అంటే పాతికేళ్ల పని!

ఈలోగా 1860లో ఆక్స్‌ఫర్డ్ సంస్కృత ఆచార్య పదవికి ఎన్నిక జరిగింది. మోనియర్ విలియమ్స్‌కి 833 ఓట్లు, ముల్లర్‌కి 610. విదేశీయుడు కావడం, మతం విషయంలో ఉదారంగా ఉండడం ఆయనకి అడ్డొచ్చాయి. అయినా పని ఆపలేదు. 1879 నుంచి ప్రాచ్య దేశాల పవిత్ర గ్రంథాలని ఇంగ్లీషులో వరసగా తెచ్చారు. 50 సంపుటాల ఆ మాలలో ఉపనిషత్తులు ఆయనే అనువదించారు. గీత మాత్రం కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ చేశారు.

మన ఊళ్లతోనూ ఆయనకి సంబంధం ఉంది. 1890-92లో వచ్చిన ఋగ్వేదం రెండో కూర్పుకి డబ్బిచ్చింది విజయనగరం మహారాజా ఆనంద గజపతి. గురజాడ కన్యాశుల్కం అంకితమిచ్చింది కూడా ఆయనకే. 1896లో వివేకానందుడు ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ముల్లర్‌ని కలిశారు. ముల్లర్ మాత్రం ఒక్కసారి కూడా ఇండియా రాలేదు. 1900 అక్టోబర్ 28న కన్నుమూశారు.

ఇంకో సంగతి దాచకూడదు. ఈ మతం మూలం ఏమిటో చూపిస్తే దాని మీద పెరిగినదంతా కదిలిపోతుందన్న ఆశ ఆయన భార్యకి రాసిన ఒక ఉత్తరంలో కనబడుతుంది. అది చదివి ఆయన్ని పూర్తిగా కొట్టిపారేసేవాళ్లున్నారు. కానీ ఆయన సరిచూసిన మూలపాఠం వేరు, ఆ మూలం మీద ఆయన అభిప్రాయాలు వేరు. మొదటిదాన్ని పండితులు ఇప్పటికీ వాడుతున్నారు, రెండోదాన్ని మనమే తూచుకోవాలి.

కాబట్టి ఈసారి ఏ గ్రంథం పీడీఎఫ్ తెరిచినా నేరుగా శ్లోకంలోకి దూకకండి. ఎవరు అనువదించారు, ఏ సంవత్సరంలో, ఏ ప్రతులు చూసి అన్నది ముందు పేజీల్లో ఉంటుంది. అది చదివి, పక్కన ఇంకో అనువాదం పెట్టుకుని చూడండి. ప్రతులు పక్కపక్కన పెట్టుకుని ముల్లర్ పాతికేళ్లు చేసింది కూడా అదే.