రాబర్ట్ వారింగ్టన్

రాబర్ట్ వారింగ్టన్ (సెప్టెంబరు 7, 1807 - నవంబరు 17, 1867) ఆంగ్లేయ రసాయన శాస్త్రవేత్త. చేపలు, నీటిమొక్కలు, నత్తలు ఒకే గాజుపాత్రలో పరస్పరాధారంగా దీర్ఘకాలం జీవించగలవని ప్రయోగపూర్వకంగా చూపినవాడిగా ప్రసిద్ధుడు. ఇదే పేరు గల ఇతని కుమారుడు కూడా రసాయన శాస్త్రవేత్తే కనుక ఇద్దరినీ ఒకరిగా పొరబడటం కద్దు.

జీవితం

ఇతడు ఇంగ్లాండులోని షీర్‌నెస్ పట్టణంలో జన్మించాడు. 1822లో ఒక రసాయనవేత్త వద్ద శిష్యుడిగా చేరాడు. 1828లో లండన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టర్నరుకు సహాయకుడయ్యాడు. ఆ తరువాత 1839 వరకు ఒక బీరు తయారీ సంస్థలో పనిచేశాడు. 1841లో లండన్ కెమికల్ సొసైటీ ఏర్పడటానికి ముఖ్య కారకుడు ఇతడే. పదేళ్ళపాటు దానికి కార్యదర్శిగా ఉన్నాడు. 1842 నుండి అపోతెకరీల సంఘంలో ఔషధాల తయారీని పర్యవేక్షించాడు. గ్రీన్ టీ ఆకులకు నీలిరంగు పూసి కల్తీ చేస్తున్నారని బయటపెట్టినదీ ఇతడే. 1864లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

గాజుపాత్ర ప్రయోగం

1849లో పన్నెండు గ్యాలన్ల గాజుపాత్రను సగం వరకు ఊటనీటితో నింపి, అడుగున ఇసుక, బురద, రాళ్ళు పరచి, వాలిస్నేరియా మొక్కను నాటి, రెండు చిన్న బంగారు చేపలను వదిలాడు. లండన్ గాలిలోని మసి పడకుండా మూతికి పలుచని మస్లిన్ గుడ్డ కట్టాడు. (నీటి ద్వారా పరాగసంపర్కానికి ఉదాహరణగా ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివే వాలిస్నేరియా ఇదే.) కొద్దికాలం అంతా సవ్యంగానే సాగింది. తరువాత పాత ఆకులు కుళ్ళి నీరు మురికిగా మారింది. చేపల ప్రాణానికే ముప్పు వచ్చింది. అప్పుడతడు నీటినత్తలను వదిలాడు. అవి కుళ్ళిన ఆకులను, పాచిని తినివేయగా నీరు తేటపడింది. నత్తల గుడ్లు, పిల్లలు చేపలకు ఆహారమయ్యాయి. ఈ ఫలితాలను 1850 మార్చిలో కెమికల్ సొసైటీకి సమర్పించాడు. తరువాత సముద్రజలంతోనూ ఇటువంటి ప్రయోగాలు చేశాడు.

తెలియని భాగం

మొక్కలు ప్రాణవాయువును ఇస్తాయి, నత్తలు కుళ్ళును తొలగిస్తాయి అన్న ఇతని వివరణ నిజమే గాని పూర్తి కాదు. చేపల విసర్జితాల నుండి వచ్చే అమ్మోనియా విషతుల్యం. దానిని కొంత మొక్కలు పీల్చుకొంటాయి. మిగిలినదానిని ఇసుకపై, రాళ్ళపై పెరిగే బాక్టీరియా మొదట నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మారుస్తుంది. బహుశా వారింగ్టన్ వేసిన బురదే ఆ బాక్టీరియాను పాత్రలోకి తెచ్చి ఉంటుంది. ఈ మార్పు రెండు దశలలో, వేర్వేరు జీవుల వలన జరుగుతుందని తేల్చినది ఇతని కుమారుడే కావడం విశేషం. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాకేంద్రంలో 1877 నుండి ఏళ్ళ తరబడి శ్రమించినా కుమారుడు ఆ జీవులను వేరుపరచలేకపోయాడు. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ దానిని సాధించాడు. నేడు బాలానగర్ వంటి చోట ఇంట్లో కొత్తగా అక్వేరియం పెట్టుకొనేవారు చేపలు వేయడానికి ముందు సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు ఆగవలసి రావడం ఈ బాక్టీరియా స్థిరపడటం కోసమే.