బక్కవాడి బలం

ధాన్యం బస్తా చేతులతో లేవదనీ, మోకాళ్లు వంచి కింద భుజం పెట్టాలనీ మా నాన్న నేర్పాడు. బక్కవాణ్ణి కదా, నాకది ఆలస్యంగా వంటబట్టింది. జిగోరో కానో జీవితం చదువుతుంటే ఆ బస్తాయే గుర్తొచ్చింది.

1860లో జపాన్‌లోని మికాగేలో పుట్టిన కానో పొట్టివాడు. బడిలో బలమైన పిల్లల చేత దెబ్బలు తిన్నాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో చదువుతూ 1877లో ఫుకుదా హచినోసుకే దగ్గర జుజుత్సు మొదలుపెట్టాడు. అక్కడ ఫుకుషిమా అనే భారీ మనిషి ఎంతకీ పడేవాడు కాదు. కానో ఊరుకున్నాడా? సుమో పట్లు అడిగి తెలుసుకున్నాడు, లైబ్రరీలో పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేశాడు. చివరికి వంగి, అతడి కిందికి దూరి, భుజాల మీదికెత్తి పడేశాడు! జూడోలో ఆ పట్టు పేరు కతా గురుమా, అంటే భుజచక్రం.

1882లో టోక్యోలో ఎయిషోజీ ఆలయంలో, 12 చాపల గదిలో, కోడోకాన్ స్థాపించాడు. జూడోలో ముందు నేర్చేది పడటం: గడ్డం రొమ్ముకి ఆనించి, చేత్తో చాపను చరిచి. ఆ తర్వాతే పడగొట్టడం. ఎదుటివాడి తూకం తప్పించాలి, మన ఒళ్లు సరిగ్గా చేర్చాలి, అప్పుడు విసరాలి. గరిమనాభి పాఠం పరీక్షలకే అనుకున్నాను నేను!

1909లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో తొలి ఆసియా సభ్యుడయ్యాడు. 1938లో కైరో సమావేశం నుంచి తిరిగొస్తూ ఓడలోనే కన్నుమూశాడు. జూడో ఒలింపిక్స్‌కెక్కింది 1964లో, టోక్యోలోనే.